ఒక పన్ను తప్పిన షాఫ్టు

ఆ రోజు పొద్దున ఆకాశం బాగా కిందికి దిగి ఉంది. మబ్బే గాని వాన లేదు, గాలి లేదు. అలాంటి పూట చప్పుడు పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది. ఎక్కడో దూరాన ఎవరో బకెట్టు కింద పెడితే మన గుమ్మంలో పెట్టినట్టుంటుంది. అందుకే బావ బండి కనబడక ముందే నాకు వినబడింది. మలుపు అవతల ఉండగానే. ఊ... ఊ... ఊ... అని, నోరు మూసుకుని ఎవరో ఏడుస్తున్నట్టు, ఏడుపుకీ ఏడుపుకీ మధ్య చిన్న ఎడం. ఐదు వారాలుగా వింటున్న చప్పుడే. షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టలేదు. ఉన్న మాట చెప్పాలంటే, ఆ చప్పుడు వింటూ తాగితే టీ ఇంకాస్త రుచిగా ఉండేది నాకు.

అది దేని చప్పుడో నాకు మొదటి రోజే తెలుసు. బావ ఎక్కడో పెద్ద షెడ్డులో జీపుకు స్ప్రింగులు మార్పించి నాలుగు అంగుళాలు పైకి లేపించాడు. ఆదివారం ఆదివారం ఆయనలాంటి వాళ్ళు పదిమంది పోగై, దారి లేని చోట గుట్టలెక్కిస్తారు బండ్లని, ఎవరిది ఎంత మొండి రాయి ఎక్కితే వాడంత మొనగాడు. లేపేటప్పుడు, ఇంజను తిప్పుని వెనక చక్రాలకు మోసుకుపోయే షాఫ్టు ఊడదీసి మళ్ళీ ఎక్కించారు. ఆ షాఫ్టు రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరి జారుతుంటాయి, లోపల పళ్ళుంటాయి. ఏ పన్నులోంచి తీశామో ఆ పన్నులోనే మళ్ళీ కూర్చోబెట్టాలి. అందుకనే రెండు ముక్కల మీదా ఎదురెదురుగా బాణం గుర్తులు కొట్టి ఉంచుతారు. వాళ్ళు చూసుకోలేదు. ఒక పన్ను తప్పించి ఎక్కించారు. బండి పొట్టిగా ఉన్నప్పుడైతే అది కడుపులో దాచుకునేదేమో, లేపాక షాఫ్టు వాలు పెరిగింది, ఇక దాచుకోలేక ఏడుస్తోంది. నాలుగు బోల్టులు విప్పి, ఒక పన్ను తిప్పి, మళ్ళీ బిగిస్తే పావుగంట పని. మొదటి రోజు కిందికి దూరి టార్చి వేశాను. బాణాలు కనబడ్డాయి, ఒకదాని ముక్కు ఒకదానికి అందకుండా పక్కకు తప్పి. కాసేపు చూశాను. తర్వాత బొటనవేలితో కాస్త గ్రీజు తీసి ఆ రెండు బాణాల మీదా పూశాను.

ఎందుకు పూశావని ఎవరూ అడగలేదు, అడగడానికి ఎవరికీ తెలియదు, కానీ నేనే అడుక్కుని నేనే చెప్పుకునేవాణ్ణి. బావ మీద కసి. అక్కను ఆయన పెళ్ళయి ఇన్నేళ్ళయినా పేరు పెట్టి పిలిచింది లేదు, ఇదిగో, ఎక్కడ చచ్చావ్, అంతే. ఒకసారి బండి బురదలో దిగబడితే అక్కను దింపి చక్రాల కింద రాళ్ళు పెట్టమన్నాడట, ఆమె ఇంకా చేతులు తియ్యకముందే ఇంజను రేపాడట. బురద తల నుంచి కాళ్ళ దాకా. ఆ ముచ్చట రెండేళ్ళు ప్రతి భోజనం దగ్గరా చెప్పాడు, అక్క వడ్డిస్తుండగానే, కళ్ళు రెండే తెల్లగా కనబడ్డాయిరా అని. విన్న ప్రతిసారీ నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎలా, అక్క మొగుడు. అలాంటివన్నీ కడుపులో పేరుకుని ఉన్నాయి, బండి నా షెడ్డుకొచ్చింది, చప్పుడు చేసింది, ఏడవనీ అనుకున్నాను. వారానికొకటి మార్చాను. చక్రాల బేరింగులన్నాను, గేర్‌బాక్స్ కింది రబ్బర్లన్నాను, వెనక ఆయిలన్నాను, టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ వేశాను. ఆయన స్నేహితుడెవడో, వెనక షాఫ్టు మొత్తం తీసేసి ముందు చక్రాల మీద నడిపి చూడు, చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే అని చెప్పాడట. అది సరైన మాట. అలా నడిపితే ఈ బండికి ముందు వైపు పళ్ళు అరిగిపోతాయి బావా అన్నాను. ఆదివారాలు గుట్ట దగ్గర ఆయన బండికి ఏడుపుగొట్టు అని పేరు పెట్టారని తెలిసినప్పుడు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

బండి వచ్చి షెడ్డు ముందాగింది. బావ దిగలేదు. "ఎక్కవయ్యా చెవిమేస్త్రీ. ఇవాళ తేలాలి. చెవుల్లో గ్రీజు పేరుకుంటే పుల్ల పెట్టి తీసుకుని ఎక్కు" అన్నాడు. చెవిమేస్త్రి అంటే నేనే. బోనెట్టు ఎత్తకుండా విని చెబుతానని ఊళ్ళో పెట్టిన పేరు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. అప్పుడు చూశాను. వెనక సీట్లు లేవు. ఇనప నేల బయటపడి ఉంది, చాప కూడా లేదు, దాని మీద అక్క ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది, చెవి నేలకానించి. కొంగు చెవి కింద మడత పెట్టుకోబోతే బావ వెనక్కి తిరక్కుండానే "గుడ్డ తియ్యి. గుడ్డ పెడితే ఏం వినబడుద్ది?" అన్నాడు. ఆమె తీసేసింది. "ఇదేంటి బావా" అన్నాను. "నీ వల్ల కాలేదుగా. ఐదు వారాల్నించీ మీ అక్కే నా మెకానిక్కు. రోజూ ఓ గంట. అంత తెలిసిన మనిషి కదా, పడుకుని వినమన్నా" అన్నాడు. గేరు వేశాడు.

ఐదు వారాలు. రోజూ ఓ గంట. బండి కదిలింది, కదిలేటప్పుడు కింద టక్‌మని ఒక దెబ్బ, తర్వాత మెల్లగా ఊ... మొదలైంది, తారు రోడ్డు దాటి కంకర దారిలోకి తిప్పాడు, నీళ్ళ ట్యాంకు గుట్ట వైపు. అద్దంలో అక్క ముఖం కనబడదు, మడమ ఒకటే కనబడుతోంది, ప్రతి కుదుపుకీ ఎగిరి ఇనుము మీద పడుతోంది. అంత తెలిసిన మనిషి. ఆ మాట ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. నా షెడ్డులోనే, మొదటి రోజే. బాణాల మీద గ్రీజు పూసి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటుంటే బావ నవ్వుతూ అన్నాడు, "మీ అక్క అంటోందిరా, షాఫ్టు ఒక పన్ను తప్పి ఎక్కించారంట. బండి వాకిట్లోకొస్తుంటే వంటింట్లోంచి విని చెప్పేసింది. పోపు పెట్టుకునే మనిషికి షాఫ్టు గొడవ!" నేనేమన్నాను. గుడ్డ భుజాన వేసుకుని, "అక్కకేం తెలుసు బావా" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు ఆపాక కూడా నేనింకాస్త నవ్వాను.

గంటకు ముప్పై దాటితే ఊ... గట్టిపడుతుంది, నలభైకి పళ్ళు జివ్వుమంటాయి. న్యూట్రల్ చేసి దొర్లనిచ్చినా ఏడుపు ఆగదు, అంటే ఇంజనుది కాదు. ఆక్సిలరేటరు తొక్కినా వదిలినా స్వరం మారదు, అంటే వెనక పళ్ళది కాదు. ఇవన్నీ నాకు నాన్న నేర్పలేదు. నాన్న నేర్పింది అక్కకు. రేకుల షెడ్డు, నాన్న ఇంజను రేపేవాడు, అక్క పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇనుముకానించి పిడి చెవికానించి కళ్ళు మూసుకునేది. మూలిగితే బేరింగు, కొట్టుకుంటే క్రాసు కీలు, కీచుమంటే బెల్టు, ఏడిస్తే షాఫ్టు. నేను పక్కన నిలబడి అదే చప్పుడు వినేవాణ్ణి, నాకు అంతా ఒకటే రొదలా ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు ఆమెకు. తర్వాత ఒకరోజు నాన్న, ఇక నువ్వు షెడ్డుకు రాకు, ఆడపిల్లవి, ఎదిగావు అన్నాడు, స్క్రూడ్రైవరు ఆమె చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. పిడి ఇంకా వెచ్చగా ఉంది. అక్క రాత్రిళ్ళు వంటింట్లో చెంచాలతో గిన్నెల మీద కొట్టి చూపించి నాకు నేర్పింది, ఇది పగులున్న గిన్నె, ఇది లేనిది, కళ్ళు మూసుకుని చెప్పరా అని. అలా వచ్చింది నాకు చెవి. ఊరు నాకు పేరు పెట్టింది.

"ఎక్కడ?" అన్నాడు బావ గట్టిగా.

"ఇక్కడే. కింద. షాఫ్టు" అంది అక్క.

బావ నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. "విన్నావా? రోజూ ఇదే పాట." దారి పక్కన గుండురాళ్ళు ఎక్కువగా ఉన్న చోటుకు స్టీరింగు తిప్పాడు. బండి ఎక్కి దిగింది, ఎక్కి దిగింది, వెనక తల ఇనుముకు కొట్టుకున్న చప్పుడు వినబడింది. అన్ని చప్పుళ్ళలోంచీ దాన్ని వేరు చేసి విన్నాను, అది నా వృత్తి. "ఇప్పుడు?" అన్నాడు. "షాఫ్టే" అంది. "సరిగ్గా వినలేదు నువ్వు." మళ్ళీ రాళ్ళు. "ఇప్పుడు?" "షాఫ్టేనండి. ఒక పన్ను." గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. టైము అడిగితే చెప్పినట్టు చెబుతోంది. ఐదు వారాలు, రోజూ గంట, గంటకు ఎన్నిసార్లు అడిగాడో, ఒక్కసారి బేరింగనో బుష్షనో అని ఉంటే లేచి కూర్చోనిచ్చేవాడు. అనలేదు. లేని చప్పుడు ఉందని అనడం ఆమెకు రాదు.

నేను నోరు తెరవచ్చు. ఒక్క మాట. బావా, అక్క చెప్పిందే నిజం. అంటే ఆగుతుంది. బండి ఆగుతుంది, అక్క లేస్తుంది. మరి ఐదు వారాలు నువ్వేం చేశావురా అంటాడు. తెలియదన్నానంటే చెవిమేస్త్రి పేరు ఇవాళ్టితో సరి, ఆదివారం గుట్ట మీద పదిమందిలో, మా ఇంటిది వంటింట్లోంచి చెప్పింది, వీడు కిందికి దూరి కూడా చెప్పలేకపోయాడు అంటాడు. తెలిసే చెప్పలేదన్నానంటే అక్క వింటుంది. రెండు దారులూ అక్కడే ఆగాయి. ఇంకో గుంట వచ్చింది, నా ఒళ్ళు కూడా ఎగిరింది, ఆ ఎగిరినప్పుడే ఒకటి పైకి తేలింది, కింద పడ్డాక కూడా మునగలేదు. బావ మీద కసి కాదు. కసి ఉంది, లేదనను, కానీ కసి ఒక్కటే అయితే గ్రీజు పూసిన వేలు అంతటితో ఆగేది. రెండు రోజులు ఏడిపించి మూడో రోజు బాగు చేసేవాణ్ణి. ఆయన "మీ అక్క అంటోందిరా" అన్నప్పుడు పోల్చి చూసుకున్నాను, నాకు టార్చి కావలసి వచ్చింది, పడుకోవలసి వచ్చింది, బాణాలు కంటితో చూస్తే గాని రూఢి కాలేదు, ఆమె ఇరవై ఏళ్ళుగా షెడ్డు గుమ్మం తొక్కని మనిషి, కిటికీలోంచి, నూనె చిటపటల మధ్య, ఎన్ని పళ్ళు తప్పిందో కూడా చెప్పేసింది. అప్పుడు ఒళ్ళు మండింది నాకు. మండింది ఎవరి మీదో ఐదు వారాల తర్వాత ఈ సీట్లో తెలిసింది.

గుట్ట మీద ట్యాంకు పక్కన బండి ఆపి బావ దిగాడు, ఫోను చెవికి పెట్టుకుని పెద్దగా నవ్వుకుంటూ గోడ చాటుకు పోయాడు. ఇంజను ఆపేశాక నిశ్శబ్దం కాసేపు చెవుల్లో గుయ్‌మంది. అక్క లేచి కూర్చుంది. చెవి నల్లగా కమిలి ఉంది, పైభాగం వాచి ముడుచుకుపోయి ఉంది, చెంప మీద ఇనప నేల గీతలు అచ్చు పడ్డాయి. జుట్టు సర్దుకుని చెవి కప్పుకుంది. ముందు నా చేతుల వైపు చూసింది, తర్వాత ముఖం వైపు.

"తమ్ముడూ, పన్ను తప్పింది కదూ?"

"చూడాలక్కా" అన్నాను.

"గ్రీజు తుడిచి చూడు. కింద బాణాలుంటాయి."

గ్రీజు ఉందని ఎవరు చెప్పారు ఆమెకు. ఎవరూ చెప్పరు. పడుకుని వినే మనిషి లేచి కిందికి వంగి చూడకుండా ఉంటుందా. షాఫ్టు మీద ఎవరూ అక్కడ గ్రీజు పెట్టరు, పెడితే వేలితో పెట్టరు, వేలి గుర్తు ఐదు వారాలు అలాగే ఉంటుంది. ఎప్పుడు చూసిందో. రెండో వారమా, మొదటి వారమే చూసిందా. చూసి కూడా ఆయనకు చెప్పలేదు, మీ బావమరిదే పూశాడు అంటే ఆ పూటే నేల మీంచి లేచి ఉండేది.

"నేను చెబితే వినడు. నువ్వంటే వింటాడు. నీ నోటితో ఒక్కసారి అనరా. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నిన్నడగను" అంది.

నేను తల ఊపాను. ఊపానో లేదో నాకే సరిగ్గా తెలియదు, ఊపాననే అనుకున్నాను. బావ ప్యాంటు పైకి లాక్కుంటూ వచ్చాడు. అక్క మళ్ళీ పడుకుంది, ఈసారి ఆయన చెప్పకుండానే.

గుట్ట దిగేటప్పుడు అడగలేదు ఆయన, ఎవరితోనో మాట్లాడిన మాటలకే నవ్వుకుంటూ నడిపాడు. షెడ్డుకొచ్చాక, "ఇదే ఆఖరు. ఇవాళ అవకపోతే బండి ఇంకో షెడ్డుకు పోద్ది, నీ పేరు కూడా వెంటబెట్టుకుని" అన్నాడు. అక్కతో, "ఇదిగో, లోపలికెళ్ళి ఏదన్నా వండు, ఆకలవుతోంది" అన్నాడు. షెడ్డు వెనక నా గది, మధ్యలో రేకు గోడ. నేను కిందికి దూరాను. అవతల స్టవ్వు వెలిగించిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు. గుడ్డతో గ్రీజు తుడిచాను, బాణాలు బయటపడ్డాయి. నాలుగు బోల్టులు. ఒక్కో బోల్టు వదులయ్యేటప్పుడు కిర్రుమంటుంటే అవతల కూరలు తరిగే చప్పుడు ఆగేది, మళ్ళీ సాగేది. షాఫ్టు కిందికి దించాను, ముక్క బయటికి లాగాను, ఒక పన్ను తిప్పాను, చెక్కసుత్తితో రెండు దెబ్బలు, బాణానికి బాణం ఎదురొచ్చింది. ఆ రెండు దెబ్బలకు అవతల కత్తి పూర్తిగా ఆగిపోయింది.

బావ ఒక్కడే తీసుకుపోయాడు. బండి మలుపు తిరిగేదాకా విన్నాను, తిరిగాక కూడా విన్నాను. ఏమీ లేదు. టైర్ల చప్పుడు, ఇంజను చప్పుడు, మామూలు బండి. అక్క గరిటె చేత్తో వచ్చి గుమ్మంలో నిలబడింది, ఆమే వింటోంది. ముఖం తేటపడింది. ఇన్నేళ్ళలో అలా చూడలేదు నేను, రేకుల షెడ్డులో కళ్ళు మూసుకున్నప్పుడు ఉండే ముఖం. తిరిగొచ్చాడు, దిగీ దిగకుండానే, "అబ్బా! ఏం చేశావురా? చచ్చిందిరా ఏడుపుగొట్టు! ఏంటి తప్పు?" అన్నాడు.

అక్క నన్ను చూస్తోంది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. మాట నోట్లోకి వచ్చింది, నాలుక మీద దాని బరువు కూడా తెలిసింది. "పినియన్ బేరింగు బావా. లోపల గుంట పడింది" అన్నాను. పాత సామాను డబ్బాలో చెయ్యి పెట్టి, తగిలిన బేరింగొకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. పినియన్ బేరింగు వెనక పళ్ళపెట్టె లోపలుంటుంది, అది తియ్యాలంటే ఒక పూట పడుతుంది. ఆ సంగతి అక్కడ ఇద్దరికి తెలుసు. పైగా అది ఈ బండిది కూడా కాదు.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, అక్క అరచేతిలో పెట్టి వేళ్ళు ముడిచాడు. "ఇదిగో నీ షాఫ్టు. ఇంట్లో దాచుకో. మళ్ళీ నోరు లేచినప్పుడు తీసి చూసుకో. ఏంటిది, చెప్పు?"

అక్క వేళ్ళు విప్పింది. బేరింగును వేలితో ఒకసారి తిప్పింది, అది సాఫీగా తిరిగింది. నా వైపు చూడలేదు.

"బేరింగండి" అంది.

ఐదు వారాల్లో ఆమె చెప్పిన మొదటి తప్పు. నా కోసం చెప్పింది. బావ చెయ్యి కడుక్కోవడానికి పోయాడు.

గదిలో నేల మీద ముగ్గురం కూర్చున్నాం. అన్నం, ఏదో కూర, వేడిగా ఉంది. బావ ఆకలి మీద తలెత్తకుండా తింటున్నాడు. అక్క అందరికీ వడ్డించి తనూ పెట్టుకుంది. మబ్బు ఇంకా విడలేదు, గాలి లేదు, ఎంత చిన్న చప్పుడైనా వినబడే పూట. అక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలినప్పుడల్లా చెవి కింద, దవడ కీలు దగ్గర, టక్ మంటోంది. ఎముక పక్కకు జారి మళ్ళీ కూర్చునే చప్పుడు. బావకు వినబడదు. మెల్లగా నమిలితే చిన్నగా, గట్టిగా నమిలితే పెద్దగా. టక్. కాసేపాగి, టక్. అది దేని చప్పుడో నాకు తెలుసు. కూర గిన్నె నా వైపు జరిపింది. నేను వేసుకుని తిన్నాను.